కానుక సంచిలో ఆర్మేనియా రాజు

ముందుగా దేవునికి స్తోత్రం. మట్టిలో రాగినీ తగరాన్నీ దాచినవాడికి, ఆ రెంటినీ కలిపి కంచు చేసే తెలివి మనిషికిచ్చినవాడికి, ఆ కంచు మీద రాజులు తమ మొహాలు ఎంత లోతుగా అచ్చు వేయించుకున్నా చివరికి అరగదీసి, తన రాజ్యాన్ని మాత్రం అరగనివ్వనివాడికి స్తోత్రం. నాలాంటి తొందరపాటు మనిషికి ముప్పయ్యేళ్లు ప్రభుత్వ జీతం ఇప్పించి, ఇప్పుడు పెన్షను కూడా ఇప్పిస్తున్నందుకు ఇంకోసారి స్తోత్రం.

ఈమధ్య మా చర్చి సంఘంలో ఒక అమ్మాయి, "ఆంటీ, మ్యూజియంలో అన్నేళ్లు ఏం చేశారు? బొమ్మలకి దుమ్ము దులిపేవారా?" అని అడిగింది. దులిపేదాన్ని. మిగిలిన సమయంలో పాత నాణేలకి పట్టిన చిలుము వదిలించేదాన్ని. రసాయనశాస్త్రంలో డిగ్రీ చేసినవాళ్లకి దేవుడు రకరకాల పనులిస్తాడు. నాకు రాజుల మొహాలు కడిగే పని ఇచ్చాడు. ఆ అమ్మాయికి అప్పుడు నవ్వి ఊరుకున్నాను గనుక ఇప్పుడు రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు, అందులోనూ విశ్వాసం కాస్త పొంగిపొర్లేవాళ్లు, ఇది చదవడం మంచిది. విశ్వాసాన్ని ఏ పుస్తకంలో రాసుకోవచ్చో, ఏ పుస్తకంలో రాయకూడదో నేను చాలా చెమట కార్చి నేర్చుకున్నాను.

డెబ్బైల మొదట్లో మైలవరం నుంచి విజయవాడ వచ్చి, ఒక చిన్న మ్యూజియంలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. ఉద్యోగం తాత్కాలికం. ఆరు నెలలకోసారి హైదరాబాదు నుంచి పొడిగింపు కాగితం వస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. ల్యాబ్ అంటే వెనక వరండాకి తడికె కట్టిన గది. అందులో నాలుగు గాజు గిన్నెలు, ఒక స్పిరిట్ దీపం, పళ్లు తోముకునే బ్రష్షులు అరడజను, నేను.

మా సూపరింటెండెంటుగారు శాసనాలు చదవడంలో దిట్ట. కాగితాలు చదవకుండా సంతకం పెట్టడంలో అంతకన్నా దిట్ట. రోజూ సంధ్యావందనం చేసుకుని వచ్చే మనిషి. మధ్యాహ్నం నేను అన్నం డబ్బా ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే, అది అయ్యేదాకా ఆయన కూడా తన డబ్బా మూత తీసేవారు కాదు. "అమ్మాయ్, మీ దేవుడు దయగలవాడంటావు కదా. చారు చల్లారిపోతోందని ఒక మాట ఆయన చెవిన వెయ్యి" అనేవారు.

మూడో మనిషి మా అటెండరు. ఏ నాణెం వచ్చినా ముందు వాసన చూసేవాడు. చూసి, "ఇది మూడొందల ఏళ్లదండి", "ఇది మొన్నమొన్నటిదండి, వందేళ్లుండవు" అని చెప్పేవాడు. సూపరింటెండెంటుగారు పుస్తకాలు తిరగేసి తేల్చే వయసుకీ అటెండరు ముక్కు తేల్చే వయసుకీ పెద్ద తేడా ఉండేది కాదు. ఈ సంగతి మేము హైదరాబాదుకి ఎప్పుడూ రాయలేదు.

వన్ టౌన్‌లో పాత కంచూ ఇత్తడీ తూకానికి కొనే వ్యాపారి ఒకాయన ఉండేవాడు. పగిలిన గంటలు, సొట్టలు పడ్డ చెంబులు, మూతలు పోయిన మరచెంబులు ఆయన కొట్టు ముందు గుట్టపోసి ఉండేవి. కొలిమికి పంపేముందు మొహం అచ్చున్నవి ఏవైనా కనిపిస్తే ఏరి మాకోసం పక్కన పెట్టేవాడు. మనిషి మొహాన్ని కరిగించడం ఆయనకి సుతరామూ ఇష్టం లేదు. ఒకరోజు కబురు పెడితే వెళ్లాను. కాగితం పొట్లం విప్పి నాలుగు మందపాటి బిళ్లలు చూపించాడు. నిండా పచ్చటి చిలుము.

"ఈయనెవరో చూడండమ్మా. తలకి పెట్టుకున్నది చూస్తే గంగిరెద్దులాడించేవాడిలా ఉన్నాడు" అన్నాడు.

మూడు రోజులు వాటితో కుస్తీ పట్టాను. మూడింటి మీద ఉన్నది మొహమో మామిడిటెంకో తెలియలేదు. నాలుగోదాని మీద మాత్రం పొడుగాటి కిరీటం సగం తేలింది. ఆ సగంలో ఒక నక్షత్రం, అదీ సగమే. సూపరింటెండెంటుగారు రెండు రోజులు లైబ్రరీలో కూర్చుని, నాణేల బొమ్మలున్న లావుపాటి పుస్తకం చంకన పెట్టుకుని వచ్చారు.

"ఆర్మేనియా రాజులవి అమ్మాయ్. రెండువేల ఏళ్ల కిందటివి. ఆ కిరీటం ఇంకెవరూ పెట్టుకోరు. మధ్యలో నక్షత్రం, అటొక గద్ద, ఇటొక గద్ద."

"ఆర్మేనియా ఎక్కడుందండీ?"

"టర్కీ పక్కన. జలప్రళయం తగ్గాక మీ నోవహు ఓడ ఆగిన కొండ ఆ రాజులు ఏలిన నేలలోదే."

అరారాతు. ఆ కొండ పేరు తట్టగానే నాకు చెవుల్లో గంటలు మోగాయి. కూర్చోవడం మర్చిపోయాను. నోవహు ఓడ దిగి బురదలో మొదటి అడుగు పెట్టిన నేల, ఆ నేలను ఏలిన రాజు, నా పళ్లపొడి బ్రష్షు కింద. ఆ రాజుకీ నోవహుకీ మధ్య ఎంత కాలం గడిచిందో నేను లెక్క వేయలేదు. వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి పాట పాడుకుంటూ నాలుగుసార్లు తిరిగాను. అటెండరు నీళ్ల గ్లాసు తెచ్చి నా చేతికిచ్చి, "ఎండలో వచ్చారా అమ్మాయిగారూ?" అన్నాడు.

అవి మన దగ్గరికి ఎలా వచ్చాయో కూడా సూపరింటెండెంటుగారే ఊహించి చెప్పారు. ఒకప్పుడు బందరు రేవుకి ఆర్మేనియా వర్తకులు వచ్చి స్థిరపడ్డారు. వాళ్లలో ఎవరో తమ దేశపు పాత రాజుల్ని మూట కట్టుకుని తెచ్చుకుని ఉంటారు. "మనం ఊరు దాటితే ఊరగాయ పట్టుకెళ్లమూ, అలాగ" అన్నారు.

హైదరాబాదులో డైరెక్టరుగారికి రాశాం. ఆయన జవాబు పోస్టుకార్డు మీద వచ్చింది. సగం కిరీటం చూసి దేశం చెప్పడం జ్యోతిష్యం అనిపించుకుంటుందనీ, స్పష్టమైన నాణెం ఒక్కటైనా ఉంటే తాను స్వయంగా వస్తాననీ దాని సారాంశం. నా పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టవలసిందీ ఆయనే. ఆ గడువు నెల రోజుల్లో ఉంది.

నేను వన్ టౌన్‌కి పరుగెత్తాను. ఆ నాలుగూ ఎవరు అమ్మారో వ్యాపారికి గుర్తుంది. బందరు కాలవ గట్టున ఒక ఊరివాడు. ఆ ఊరి తాపీమేస్త్రీ ఒకాయన బందరులో ఒక పాత ఇల్లు పడగొడుతుంటే గోడ గూట్లో దొరికాయట. పనివాళ్లు తలా ఒకటి పంచుకున్నారు, వాళ్ల వాటాలు నాలుగూ పోగుచేసి ఇతను అమ్మాడు. మేస్త్రీ పోయి చాలా ఏళ్లయింది, భార్య ఉంది, ఆవిడ దగ్గర ఇంకోటి ఉండాలి. ఆ ఊళ్లో మనవాళ్ల చర్చి ఉందని తెలియగానే నాకు దారి తెరుచుకున్నట్టయింది. పాస్టరు అయ్యగారికి నక్షత్రం బొమ్మ గీసి మరీ ఉత్తరం రాశాను. వారంలో జవాబు వచ్చింది.

"మీరడిగిన బిళ్ల మా సంఘంలో ఉన్నది. కిరీటం, నక్షత్రం, రెండు పక్షులు, మొహం అంతా స్పష్టము. ప్రతి ఆదివారం మా కానుక సంచిలో పడుతుంది. వచ్చి చూడగలరు."

ఒకే బిళ్ల ప్రతి ఆదివారం సంచిలో ఎలా పడుతుంది? తెలివైన మనిషి ఎవరైనా ఇక్కడ ఆగుతారు. నేను ఆగలేదు. సంచిలో పడింది, అంటే సంఘానిది, సంఘం అంటే మనవాళ్లు, మనవాళ్లు కాదంటారా? ఆ ఆదివారమే మా చర్చిలో ప్రసంగం, అడిగినదాన్ని అప్పటికే పొందామని నమ్మడం గురించి జరిగింది. ఇంతకన్నా స్పష్టంగా దేవుడు ఎవరితోనైనా మాట్లాడతాడా అనుకున్నాను.

మ్యూజియంలోకి వచ్చిన ప్రతి వస్తువునీ నంబరు వేసి ఎక్కించే పెద్ద రిజిస్టరు ఒకటుంటుంది. సిరాతో రాయాలి. చెరపకూడదు, కొట్టివేయకూడదు, పేజీ చింపకూడదు. ఒకసారి ఎక్కిన వస్తువు పెట్టెలో కనపడకపోతే పోలీసు కేసు. సోమవారం పొద్దున ప్రార్థన చేసుకుని, కలం విదిలించి, నాలుగు నాణేల కిందా అయిదోది రాశాను. కిరీటం, నక్షత్రం, రెండు గద్దలు, మొహం స్పష్టం. సూపరింటెండెంటుగారు పేపరు చదువుతూనే కింద సంతకం పెట్టారు. అయిదు నాణేలున్నాయని హైదరాబాదుకి ఉత్తరం కూడా అదే రోజు వెళ్లిపోయింది. రెండో శనివారం వస్తున్నానని డైరెక్టరుగారు తంతి ఇచ్చారు. ఇక నేను చేయవలసింది ఒక్కటే, వెళ్లి ఆ నాణెం తెచ్చుకోవడం. తర్వాతి వారం మంగళవారం బస్సెక్కాను.

పాస్టరుగారి ఇల్లు కాలవ పక్కనే. మజ్జిగ ఇచ్చారు. నేను సగం తాగి, "బిళ్ల ఏదండీ అయ్యగారూ?" అన్నాను.

"ఇప్పుడు నా దగ్గర లేదమ్మా. నిన్ననే ఇచ్చొచ్చాను."

"ఎవరికండీ?"

"వేసినావిడకే."

అప్పుడు చెప్పారాయన. మేస్త్రీ పోయిన ఏడు, ఆయన భార్య కానుక వేయడానికి చేతిలో ఏమీ లేక, కొంగున ఉన్న ఈ బిళ్ల వేసింది. ఇది ఏ కొట్లోనూ చెల్లదని అప్పటి పాస్టరుగారికి తెలుసు. సోమవారం ఇళ్లు తిరిగి ప్రార్థనలు చేసేటప్పుడు తీసుకెళ్లి, "దేవుడు పుచ్చుకున్నాడమ్మా, మళ్లీ నీ దగ్గరే దాచమన్నాడు" అని ఆమె చేతిలో పెట్టారు. వచ్చే ఆదివారం ఆమె మళ్లీ వేసింది. సోమవారం ఆయన మళ్లీ ఇచ్చారు. పదకొండేళ్లు.

"ఆయన బదిలీ మీద వెళ్తూ నాకు చర్చి తాళాలు, బావి చేద, ఈ పనీ అప్పజెప్పి వెళ్లారు" అన్నారు పాస్టరుగారు. "సంఘంలో అందరికీ తెలుసు. ఆమెకీ తెలుసు. తెలియనిది మీకొక్కరికే."

మిగిలిన సగం మజ్జిగ కింద పెట్టేశాను. రిజిస్టరులో నా అక్షరాలు కళ్ల ముందు ఆడాయి.

ఆ మేస్త్రీ భార్య, ఊరందరికీ మామ్మగారు, ఇంటి అరుగు మీద గోంగూర ఒలుస్తోంది. పాస్టరుగారు నన్ను పరిచయం చేస్తే చేతులు కొంగుకి తుడుచుకుని, ఆ కొంగు ముడే విప్పి బిళ్ల నా చేతిలో పెట్టింది. చిలుము జాడ లేదు. అన్నేళ్లు చేతుల్లో తిరిగి తిరిగి చింతగింజలా మెరుస్తోంది. నా అరడజను బ్రష్షులకీ జన్మలో చేతకాని పని. ముక్కు, చెవి, కిరీటం, నక్షత్రం, అటొక గద్ద, ఇటొక గద్ద. నాకు ఒళ్లంతా తేలిపోయింది.

"ఈయనెవరో తెలుసా మామ్మగారూ?"

"రాజుగారు."

"ఏ దేశపు రాజో తెలుసా? నోవహు ఓడ ఆగిన కొండ ఉందే, ఆ దేశం."

"అట్టాగా? అయితే నీళ్లెరిగిన మనిషే. మా కాలవకి జడవడు."

"ఈయన్ని మ్యూజియానికి ఇవ్వకూడదా? అద్దాల పెట్టెలో పెడతాం. ఎక్కడెక్కడినుంచో వచ్చి చూస్తారు."

"చూసి ఏం జేత్తారు?"

"ఏం చేయరు. చూస్తారు."

"అంతేనా?" అని మళ్లీ గోంగూర అందుకుంది.

నేను వదల్లేదు. నా ఉద్యోగం సంగతి చెప్పాను, రిజిస్టరు సంగతి చెప్పాను, శనివారం సంగతి చెప్పాను. బిళ్లకి బదులుగా ప్రతి వారం ఆమె పేర సంచిలో బియ్యం పోయిస్తానన్నాను.

"బియ్యం అందరూ ఏత్తారు తల్లీ. రాజునెవరేత్తారు?" అంది. గోంగూర పక్కన పెట్టి మెత్తగా చెప్పింది: "నాదైతే ఇచ్చేద్దును. నీ మొహం చూత్తే జాలేత్తంది. ఆదారం ఆయనకిత్తన్నా. సోమారం ఆయన దాచమంటన్నాడు. దాచమన్నదాన్ని మజ్జెలో నీకిత్తే, ఆదారం నా చెయ్యి చూసి ఆయన అడగడా?"

ఆదివారం బడిలో, తనకున్నదంతా కానుకగా వేసేసిన పేద విధవరాలి రెండు కాసుల కథ నేను ప్రతి ఏడూ చెప్పేదాన్ని. పిల్లలకి వేషాలు వేయించి ఆడించేదాన్ని కూడా. ఆ కథకి కొంచెం ముందే, విధవరాండ్ర ఇళ్లు మింగేవాళ్ల గురించి ప్రభువు అన్న మాటలున్నాయి. అవి పిల్లలకి ఎందుకులే అని వదిలేసేదాన్ని. ఆ కథలో నాకు సరిపోయే వేషం లేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఉంది. బస్సెక్కి వచ్చి మరీ ఆ అరుగు మీద కూర్చుని ఉంది.

అయినా ఉత్త చేతులతో వెళ్లలేక, బిళ్ల అచ్చు ఒకటి తీసుకుంటానని అడిగాను. దానికి ఆమె ఒప్పుకుంది. పాస్టరమ్మగారు చర్చి కొవ్వొత్తుల ముక్కలు గరిటెలో కరిగించి ఇచ్చింది. మైనం కాస్త గట్టిపడ్డాక బిళ్లను రెండు వైపులా అదిమాను. మామ్మగారు పక్కనే నిలబడి, "ముక్కు మూసుకుపోతందేమో, బేగి తియ్యి" అంది.

విజయవాడ వచ్చి ఆ మైనపు అచ్చులో ప్లాస్టరు పోశాను. తెల్లటి రాజు వచ్చాడు. ఇక్కడ నేను దాచకుండా చెప్పాలి. ఆ తెల్లటి రాజుకి దీపం మసి పూశాను. మిగతా నాలుగింటి నుంచి గీకిన చిలుము కొద్దిగా అద్దాను. ఎందుకు చేస్తున్నానో నాకు నేను చెప్పుకోలేదు, పాట పాడుకుంటూ చేశాను. పెట్టెలో అయిదో గుంటలో పెడితే అచ్చం అసలుదే. అటెండరు తీసి వాసన చూశాడు.

"ఇది నిన్నటిదండి" అన్నాడు.

అంతటితో నా పాట ఆగిపోయింది. పెట్టె పట్టుకుని సూపరింటెండెంటుగారి గదికి వెళ్లాను.

"అయిదోది రాలేదండీ."

"రాకపోవడమేమిటి? నేను సంతకం పెట్టాను కదా."

"మీరు పెట్టారండీ. అదే రాలేదు."

"మరి ఎందుకు రాశావు?"

"విశ్వాసంతో రాశానండీ."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "అమ్మాయ్, నా సర్వీసులో భయపడి తప్పు రాసినవాళ్లని చూశాను. ఆశపడి రాసినవాళ్లని చూశాను. కునికిపాట్లు పడుతూ రాసిన మహానుభావుణ్ణి కూడా చూశాను. విశ్వాసంతో రాసినవాళ్లని నిన్నే చూడటం. నీ ఉద్యోగం ఎటూ పోతుంది. నా పెన్షను కూడా మీ అరారాతు కొండెక్కించావు."

తర్వాత ప్లాస్టరు రాజుని చాలాసేపు చూశారు. "అద్దం వెనక నుంచి చూస్తే బాగానే ఉంది" అన్నారు. ఆయనే మళ్లీ అన్నారు: "కానీ డైరెక్టరుగారికి ఒక అలవాటుంది. నాణెం చేతికిస్తే ముందు బల్ల మీద పడేసి మోత వింటారు."

ఇద్దరం ఆ మోత ఊహించుకున్నాం. ముందు ఆయన నవ్వారు, తర్వాత నేను. నవ్వు ఆపుకోలేక నేను తలుపు పట్టుకున్నాను. భయం మరీ ఎక్కువైతే కూడా అలాగే నవ్వు వస్తుందని తర్వాత ఎప్పుడో తెలిసింది.

శనివారం డైరెక్టరుగారు వచ్చారు. సన్నటి మనిషి, మెడలో దారానికి కట్టిన భూతద్దం. ఆయన కుర్చీలో కూర్చోకముందే నేను మొత్తం చెప్పేశాను. ఊపిరి తీసుకోకుండా చెప్పడం వల్ల ఆయనకి సగమే అర్థమైనట్టుంది.

"అయిదోది ఎక్కడుంది?"

"రేపు పదిన్నర, పదకొండు మధ్య బయటికి వస్తుంది సార్."

"ఎక్కణ్ణుంచి?"

"కొంగులోంచి సార్."

"వచ్చి?"

"సంచిలో పడుతుంది సార్."

ఆయన సూపరింటెండెంటుగారి వైపు చూశారు. సూపరింటెండెంటుగారు ఫ్యాను వైపు చూశారు.

"రేపు నేనూ వస్తాను. మీరు చెప్పింది చెప్పినట్టు ఉంటే సరే" అన్నారు డైరెక్టరుగారు. "లేకపోతే సోమవారం మీ ఇద్దరి మీదా పోలీసు రిపోర్టు ఇవ్వాల్సి వస్తుంది. అసలు నాణెం ఉంటే మాత్రం ప్రభుత్వం తీసుకోవచ్చు. దానికి చట్టం ఉంది."

ఆ రాత్రి నేను ఏం ప్రార్థించాలో తెలియక తికమక పడ్డాను. నాణెం కనిపించాలి, లేకపోతే మేమిద్దరం దొంగలం. కనిపిస్తే ఆయన తీసుకుంటారు, మామ్మగారి చెయ్యి ఖాళీ. ఏది అడిగినా ఇంకొకరి నోట్లో మట్టి. చివరికి, "ప్రభువా, నీకు తోచింది చెయ్యి, నేను మాత్రం ఏమీ రాయను" అని పడుకున్నాను.

పొద్దున్నే జీపులో కాలవ గట్టు వెంట వెళ్లాం. చర్చిలో పెద్దవాళ్లకి కుర్చీలు వేయబోతే డైరెక్టరుగారు వద్దని, చెప్పులు విడిచి మగవాళ్ల వైపు చాప మీద వెనకగా కూర్చున్నారు. ఆయన పక్కన సూపరింటెండెంటుగారు, ఉత్తరీయం సర్దుకుని, వేదపారాయణకి వచ్చినంత నిటారుగా. నేను ఆడవాళ్ల వైపు మామ్మగారి పక్కన కూర్చున్నాను. ఆఫీసర్లు వచ్చారన్న సంతోషంలో పాస్టరుగారు ఆ రోజు ఆదికాండం నుంచి మొదలుపెట్టారు. ఓడ ఎక్కిన జంతువులు దిగేసరికి గంటన్నర పట్టింది.

కానుకల పాట ఎత్తుకున్నారు. సంఘపెద్ద ఒకాయన పొడుగు కర్రకి కట్టిన ఎర్ర మఖమలు సంచి పట్టుకుని ముందు ఆడవాళ్ల వైపు వచ్చాడు. మామ్మగారి ముందు ఆగాడు. ఆమె కొంగు ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడి రాలేదు. పాట చరణాలన్నీ అయిపోయి, మళ్లీ మొదటి చరణం ఎత్తుకున్నారు. నేను సాయం చేయబోతే మోచేత్తో నన్ను తోసేసి, పళ్లతో లాగి, బిళ్ల తీసి, కళ్లకద్దుకుని సంచిలో వేసింది. చిన్న శబ్దం. ఆ శబ్దానికి మగవాళ్ల వైపు వెనక చాప మీద ఒక తల లేచింది.

సంచి వరుసలు దాటి డైరెక్టరుగారి ముందుకి వెళ్లింది. ఆయన భుజం దాకా అందులో చెయ్యి పెట్టారు. సంచిలో వేసేవాళ్లనే గాని, తీసేవాళ్లని ఆ సంఘం అంతవరకూ చూడలేదు. పాట తడబడింది. బిళ్ల దొరికింది. ఆయన లేచి నిలబడి, ఎవరి కాళ్లు తొక్కుతున్నారో చూసుకోకుండా కిటికీ దగ్గరికి వెళ్లి, భూతద్దం కంటికి ఆనించారు. పాట పూర్తిగా ఆగిపోయింది. గోడ మీద బల్లి కూడా కదల్లేదు.

"నక్షత్రం. రెండు గద్దలు. ఇదే" అన్నారు, తనలో తాను అనుకుంటున్నాననుకుని, గట్టిగా. "ఎంత అందంగా ఉన్నాడయ్యా."

ఏం చేయాలో తోచక పాస్టరుగారు "ఆమేన్" అన్నారు. సంఘమంతా "ఆమేన్" అంది. అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా మా సూపరింటెండెంటుగారి గొంతు కూడా వినిపించింది. ఆ సంగతి ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు.

కానీ బిళ్ల డైరెక్టరుగారి చేతిలోనే ఉంది. ఆ చెయ్యి మెల్లగా చొక్కా జేబు దాకా వెళ్లింది. అప్పుడు నా పక్కన మామ్మగారు నేల మీద చెయ్యి ఆనించి లేచి నిలబడింది.

"బాబూ, చూట్టం అయితే సంచిలో ఏసెయ్యి. పాట ఆగిపోయింది" అంది.

ఆమె గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. పిల్లవాడికి గిన్నె కడిగి బోర్లించమని చెప్పినట్టు చెప్పింది. డైరెక్టరుగారు ఆమెను చూశారు, బిళ్లను చూశారు. చట్టం ఆయనకి గుర్తుండే ఉంటుంది. రెండు అడుగులు వేసి వచ్చి, సంఘపెద్ద చాచిన సంచిలో రాజుగారిని జాగ్రత్తగా, చప్పుడు కాకుండా దింపారు. పాట ఆగినచోటి నుంచి కాకుండా మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. నేను అంత తప్పు రాగంలో, అంత గట్టిగా ఎప్పుడూ పాడలేదు.

తిరిగి మ్యూజియం చేరగానే డైరెక్టరుగారు రిజిస్టరు తెమ్మన్నారు. అయిదో నాణెం ఎదురుగా ఆఖరి గడిలో స్వయంగా, సిరాతో ఇలా రాసి సంతకం పెట్టారు: "వస్తువును చూశాను. అసలు నాణెం చలామణిలో ఉంది." ప్లాస్టరు రాజుకి నేను పూసిన మసి కడిగించి, తెల్లటి మొహంతోనే పెట్టెలో అయిదో గుంటలో పెట్టించి, కింద అట్టముక్క మీద అదే మాట రాయించారు.

పది రోజులకి హైదరాబాదు నుంచి నాకు రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి రిజిస్టరు నియమాలు ఉల్లంఘించినందుకు మెమో, రెండోది ఉద్యోగం పొడిగింపు. రెండింటినీ ఒకే గుండుసూదితో గుచ్చి పంపారు. నేను మెమోని కూడా స్తోత్రంతోనే అందుకున్నాను.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, మా మ్యూజియంకి వచ్చినవాళ్లు ఆ అట్టముక్క దగ్గర ఆగి, రెండువేల ఏళ్ల నాణెం చలామణిలో ఉండటమేమిటని అడిగేవాళ్లు. "బందరు కాలవ గట్టున ఉందండి. ఆదివారం పూట చూడొచ్చు" అని చెప్పేవాడు మా అటెండరు.

ఇది చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నాతో కలిసి తలలు వంచండి. తండ్రీ, చేతికి రానిదాన్ని వచ్చిందని రాసే మా తొందరను క్షమించు. పేదవాళ్ల కొంగు ముడుల మీద మా కళ్లు పడకుండా కాపాడు. నీ ముందు నిలబడటానికి మా చేతుల్లో ఏమీ లేని వారాల్లో, మేము కిందటి వారం నీకిచ్చినదాన్నే మళ్లీ మా కొంగున కట్టి, ఆదివారానికి మమ్మల్ని నీ దగ్గరికి పంపించు. ఇది మీ ప్రార్థన కూడా అయితే, ఉన్నచోటే, వినపడేలా, అవునని చెప్పండి.